అండమాన్ క్రేక్, స్లేటీ లెగ్డ్ క్రేక్: ఫొటోల్లో రెండూ ఒకేలా ఉన్నాయి, తేడా ఎలా తెలుస్తుంది?

రెండూ నేల మీద తిరిగే అడవి పిట్టలే. కాళ్లు చూడండి. బూడిద రంగైతే స్లేటీ లెగ్డ్, ఆకుపచ్చగా ఉంటే అండమాన్. అందరూ పొట్ట మీది నలుపు తెలుపు చారల దగ్గరే ఆగిపోతారు, అవి రెండిటికీ ఉంటాయి. స్లేటీ లెగ్డ్‌కి తల, మెడ, రొమ్ము ఇటుక రంగు, వీపు మాత్రం మట్టి రంగు. సుమారు 25 సెంటీమీటర్లు. అండమాన్‌ది దాదాపు 34, పైన అంతా ముదురు ఎర్రగోధుమ రంగే.

అసలు ఫొటోలు చూసి వీటిని నేర్చుకోలేం. ఫ్లాష్ పడితే ఏ రంగూ నిలవదు.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పటి శ్రీ విజయపురంలో పెరిగాను. ఒకసారి వానాకాలంలో, చిడియాటాపు దగ్గర అడవి వాగు పక్కన కూర్చున్నాను. వాన వెలిసింది, చీకటి పడబోతోంది. చెట్టు మొదట్లోంచి అండమాన్ క్రేక్ బయటికొచ్చింది. ముక్కుతో తడి ఆకును ఎత్తి పక్కకు విసిరేయడం, ఆగి వినడం, మళ్లీ ఇంకో ఆకు. ఒక వానపామును లాగుతుంటే అది తెగకుండా సాగింది, పిట్ట రెండడుగులు వెనక్కి వేసి మరీ లాగింది. లేత ఆకుపచ్చ ముక్కు, ఎర్రటి కన్ను. పక్కకు తిరిగితే గానీ పొట్ట మీది చారలు కనబడలేదు.

అంతలో కెమెరాలతో ఓ గుంపు వచ్చి ఫోన్‌లో దాని కూతే పెట్టారు. పిట్ట మెడ చాచి, మేత వదిలేసి అటూ ఇటూ పరుగెత్తింది. నాకు ఒళ్లు మండిపోయింది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇవి పెద్ద చెట్ల మొదళ్ల దగ్గర నేల మీదే గూడు పెడతాయి. ఒక్క ఫొటో కోసం గుడ్ల మీది తల్లిని లేపడం అన్యాయం. ఈ జాతి ప్రపంచంలో అండమాన్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. గైడ్లే ఈ పని మాన్పించాలి.

స్లేటీ లెగ్డ్ అలా ఒక్కచోట ఉండేది కాదు. మన దేశంలో వానాకాలంలో గుడ్లు పెట్టి, చలికాలానికి కొన్ని శ్రీలంక దాకా పోతాయి. రాత్రిపూట ఎగురుతాయి కాబట్టి అలసిపోయి ఊళ్లలో, ఇళ్లలో కూడా దిగుతాయి. అక్టోబర్, నవంబర్‌లలో మీ మెట్ల కింద ఇలాంటిది కనబడితే నీటికోడి అనుకుని చెరువులో వదలకండి, ఇది అడవి పిట్ట. గాలి ఆడే అట్టపెట్టెలో చీకట్లో ఉంచండి. దెబ్బలేం లేకపోతే పొద్దుగూకాక చెట్లు గుబురుగా ఉన్న చోట వదిలేయండి.