మా అప్పుల పుస్తకంలో ఎర్రోడి పేజీ

ఒంగోలు నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. దెబ్బ తగిలి రోడ్డు పక్కన పడి ఉన్న కుక్కపిల్లను తెచ్చి ఆరేళ్ళు పెంచుకున్నారట. పోయిన నెల చనిపోయింది. "కళ్ళు మూస్తే దాని ఆఖరి రోజే కనపడుతోంది, మంచి రోజులు ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. ఇంట్లో వాళ్ళేమో కుక్క కోసం ఇంత ఏడుపా అంటున్నారు. పోయిన కుక్కల్ని మీరంతా ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు?" అని అడిగారు.

మాది నెల్లూరు పక్కన కోవూరు. పాతికేళ్ళు చిల్లరకొట్టు నడిపాను. రోడ్డు మీద నుంచి తెచ్చుకున్న కుక్కలు మూడు మా ఇంట్లో పోయాయి. కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఇంట్లో వాళ్ళ మాట. వాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. మన నోట్లోనే ఉంది చిక్కు. ఎవర్నన్నా తిట్టాలంటే "కుక్క చావు చస్తావు" అంటాం. అలాంటిది నిజంగా కుక్క చచ్చిపోయి మనం ఏడుస్తుంటే వాళ్ళకి ఏమనాలో తెలియదు. ఇంకోటి, మనిషి పోతే చెయ్యడానికి పని ఉంటుంది. చిన్నదినం, పెద్దదినం, నెల మాసికం, సంవత్సరీకం. వచ్చేవాళ్ళకి కాఫీలు, వంటలు. ఆ పనిలో పడి ఏడుపు కొంచెం కొంచెంగా కరుగుతుంది. కుక్క పోతే గుంత పూడ్చి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేస్తాం. మధ్యాహ్నానికి కొట్టు తెరవాలి. ఇక అయిపోయిందని అందరూ అనుకుంటారు.

ధర్మరాజు తన వెంట నడిచి వచ్చిన కుక్కను వదిలేసి రమ్మంటే, అలాగైతే స్వర్గమే వద్దన్నాడు కదా. ఆ కథను తెలుగులో చెప్పిన తిక్కన మన నెల్లూరాయనే. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ ముక్క చెప్పి చూడండి. ఏడుపు ఒప్పుకోకపోయినా కాసేపు మాట మారుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఆఖరి రోజు తప్ప ఏమీ గుర్తుకు రావట్లేదన్నారు. నాకూ అంతే. నన్ను కాపాడింది మా కొట్టులో అప్పుల పుస్తకం. నవ్వకండి.

మా మొదటి కుక్క ఎర్రోడు. 2011లో హైవే మీద ఏదో బండి గుద్దేసి పోతే, వెనక కాలు విరిగి కొట్టు ముందుకు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఇటుక రంగు ఒళ్ళు, అందుకే ఎర్రోడు. కాలు వంకరగానే అతుక్కుంది. ముసురు పట్టిందంటే ఆ కాలు పైకెత్తి మూడు కాళ్ళ మీద నిలబడేవాడు. వాణ్ణి చూసి మా వీధిలో ఆడవాళ్ళు వడియాలు లోపలికి తీసేవాళ్ళు. టీవీలో చెప్పే వాతావరణం కంటే వాడే నయం అనేవాళ్ళు.

వాడికి ఒకే దుర్గుణం, బన్నులు. నేను అటు తిరిగి పప్పు తూస్తుంటే ఇటు అట్టపెట్టెలోంచి ఒకటి లాగేసేవాడు. మా ఆవిడకి ఒళ్ళు మండి ఒకరోజు, "ఊళ్ళో అందరికీ అప్పు రాస్తావు గదా, వాడికీ ఒక పేజీ తియ్యి, ఎంత నష్టమో తెలుస్తుంది" అంది. నేనూ పంతానికి తీశాను. పైన "ఎర్రోడు" అని రాసి, కింద తేదీ వేసి, "బన్ను 1, 5 రూపాయలు". అలా మొదలైన పద్దు. కోడిగుడ్డు, బిస్కెట్ ప్యాకెట్, ఒకసారి అరకేజీ బెల్లం, దాంతో పాటు రెండు రోజుల విరేచనాలు. వాటికి ధర వెయ్యలేదు, ఊరికే రాసి పెట్టాను. రానురాను డబ్బుతో సంబంధం లేనివి కూడా ఆ పేజీలోకి ఎక్కాయి. "పోస్టుమాన్‌ను తరిమాడు." "సంక్రాంతి భోగిమంటకు భయపడి రాత్రంతా తక్కెడ కింద." "గంగిరెద్దును చూసి మొరిగాడు, ఎద్దు పట్టించుకోలేదు, సిగ్గుపడ్డాడు."

2020 జనవరిలో వాడు పోయాడు. ముసలితనమే, నిద్రలోనే. బాధపడ్డాను గానీ కుంగిపోలేదు. వాడి ఫొటో మా దగ్గర ఒక్కటంటే ఒక్కటే ఉంది. సత్యనారాయణ వ్రతం ఫొటోలో పీట పక్కన ఒక తోక. మిగతావన్నీ పాత ఫోనుతో పాటే పోయాయి. అందుకే మీకో మాట, ఫోనులో ఉన్న ఫొటోలు, వీడియోలు ఈరోజే ఇంకోచోట కూడా దాచుకోండి. దాని అరుపు ఉన్న వీడియో ఉంటే మరీ జాగ్రత్త. ముఖం ఎలా ఉండేదో చాలాకాలం గుర్తుంటుంది, గొంతు ముందు పోతుంది. ఎర్రోడి గొంతు నాకిప్పుడు గుర్తు లేదు.

రెండో కుక్క పేరు వరద. 2021 నవంబర్‌లో పెన్నకు వచ్చిన వరద మీరూ టీవీలో చూసే ఉంటారు. సోమశిల నిండి నీళ్ళు వదిలారు, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. నీళ్ళు తీసిన రెండో రోజు, కంపచెట్లలో ఇరుక్కున్న గడ్డివామి ముక్క మీద ఒక తెల్ల కుక్కపిల్ల కూర్చుని ఉంది. ఏడవడం లేదు, మొరగడం లేదు, ఊరికే చూస్తా ఉంది. మా ఆవిడే మోకాలి లోతు బురదలో దిగి తీసుకొచ్చింది. ఎర్రోణ్ణి నష్టం కింద కట్టిన మనిషే.

వరదకి నీళ్ళంటే చచ్చేంత భయం. బకెట్ చప్పుడైతే మంచం కిందకి దూరేది. అదే ఆదివారం చేపల పులుసు వాసనొస్తే మాత్రం గడప మీద గడియారం లెక్కన హాజరు. మామిడికాయ ముక్క వేసిన పులుసు అన్నంలో కలిపి, ముళ్ళు ఏరి, మా ఆవిడ దానికి పెట్టేది. మసాలా పెట్టకూడదని డాక్టరు చెప్పాడు. వింటేగా.

2023లో దానికి మొదటిసారి జబ్బు చేసింది. తిండి మానేసింది. ఎండకి అనుకున్నాం. నాలుగు రోజులు అట్లానే పోయాయి. చిగుళ్ళు తెల్లబడి, ముక్కులోంచి నెత్తురు చుక్క పడ్డాక గానీ కదల్లేదు. గోమార్లు, కొందరు పిడుదులంటారు, వాటి వల్ల వచ్చే జ్వరమట, పేరు ఎర్లికియా. నెత్తురులో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాలు వేశాం. ఒంటి మీద గోమార్లు ఏరితే సరిపోదనీ, అవి గోడ సందుల్లో గుడ్లు పెడతాయనీ అప్పుడే తెలిసింది.

ఆ ఏడాది రొట్టెల పండక్కి మా ఆవిడ నాతో చెప్పకుండా నెల్లూరు వెళ్ళింది. ఒంగోలు వాళ్ళకి తెలియనిదేం కాదు గానీ చెప్తాను. మొహరం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ళ దగ్గర రొట్టె పుచ్చుకుంటాం. మన కోరిక తీరితే మళ్ళీ ఏడు వెళ్ళి, అదే కోరిక ఉన్నవాళ్ళకి రొట్టె ఇస్తాం. పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇలా పేర్లుంటాయి. మా ఆవిడ ఆరోగ్య రొట్టె పట్టుకుంది. ఇంటికొచ్చి, "ఎవరికమ్మా అని అడిగితే మా పిల్లకి అన్నాను. అబద్ధమేం కాదు గదా" అంది.

వరద కోలుకుంది. 2024లో ఇద్దరం కలిసే వెళ్ళి రొట్టె ఇచ్చాం. పుచ్చుకున్నావిడ కాళహస్తి వైపు మనిషి, చంకలో బిడ్డ. "మీ పిల్లకి ఇప్పుడు బాగుందా?" అని అడిగింది. "బాగుంది తల్లీ, గంతులేస్తా ఉంది" అంది మా ఆవిడ. నేను అటు తిరిగి నిలబడ్డాను. నవ్వు ఆపుకోవడానికి అనుకున్నాను అప్పుడు.

ఆ నవంబర్‌లోనే జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఎముకల మూలుగ దెబ్బతిందన్నారు, నెత్తురు ఊరడం లేదు. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు రాయను.

పూడ్చడానికీ తిప్పలే. ఎర్రోణ్ణి పెరట్లోనే పెట్టాం. వరదకి పెరట్లో గుంత తవ్వితే మూడడుగులకే నీళ్ళు ఊరాయి. వానాకాలం, చుట్టూ వరి మళ్ళు. బతికినన్నాళ్ళూ నీళ్ళకి భయపడిన దాన్ని నీళ్ళలో ఎట్లా పెడతాం? పాత దుప్పట్లో చుట్టి, ఆటో మాట్లాడుకుని, పొదలకూరు దగ్గర మా బావమరిది నిమ్మతోటకి తీసుకుపోయాం. మెరక నేల. ఆటో అబ్బాయి బాడుగ పైసా తగ్గించలేదు గానీ, పార మాత్రం అడక్కుండానే అందుకున్నాడు. నాలుగడుగులు తవ్వి, మట్టి తొక్కి, పైన రాళ్ళు పేర్చి, కంప కప్పాం. లోతు తక్కువైతే వేరే కుక్కలు తోడేస్తాయి. అది చూశారంటే ఇక ఏ జ్ఞాపకమూ మిగలదు.

తర్వాత వచ్చినవాళ్ళంతా ఒకే మాట, "మీ ఇంటికి రావాల్సిన గండం అది తీసుకుపోయింది". మంచి మనసుతోనే అంటారు. నాకు మాత్రం గొంతులో అడ్డం పడేది. మా గండం కాదు, గోమార్లు. మొదటిసారి నేను పోగొట్టిన నాలుగు రోజులు. నా తప్పును దాని త్యాగం చేసి మాట్లాడితే, అసలు వరద కనపడకుండా పోతుంది. అది మాకోసం చావలేదు. దానికి పులుసన్నం తిని ఇంకో పదేళ్ళు బతకాలని ఉండింది.

నెల రోజులు మీకులాగే ఆ తొమ్మిది రోజులే కళ్ళ ముందు. ఒకరాత్రి పాత బాకీలు చూద్దామని పుస్తకం తిప్పుతుంటే ఎర్రోడి పేజీ వచ్చింది. పోస్టుమాన్, బెల్లం, గంగిరెద్దు. చదువుతుంటే వాడు మొత్తంగా వచ్చి తక్కెడ కింద కూర్చున్నట్టే అయింది. ఐదేళ్ళ కిందట పోయినవాడు నిన్న ఉన్నట్టు ఉన్నాడు, నెల కిందట పోయిన వరద జబ్బుమనిషిగా తప్ప కనపడటం లేదు. తేడా ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. వరదకి నేను పేజీ తియ్యలేదు. అది బన్నులు దొంగిలించేది కాదు, బుద్ధిమంతురాలు. బుద్ధిమంతుల పద్దు ఎవరు రాస్తారు?

ఆ రాత్రే తీశాను. ఇద్దరం కూర్చుని రాశాం. మొదట్లో ఏడుపు, తర్వాత తగాదా. బకెట్ చప్పుడుకి దూరేది మంచం కిందకా, బీరువా వెనక్కా అని. చెప్పు కొరికింది నాదా, మా అబ్బాయిదా అని. తగాదా పడేకొద్దీ గుర్తుకొచ్చాయి. ఒక్కరే రాసుకుంటే మంచివే రాస్తాం, దేవతను చేసేస్తాం. పక్కన ఇంకొకరుంటే "అది అంత మంచిదేం కాదులే, పక్కింటి కోడిపిల్లను చంపింది మర్చిపోయావా" అంటారు. ఆ కోడిపిల్ల కూడా పద్దులోకి రావాలి. వీలైతే ఏడుపేంటని అడిగినవాళ్ళనే పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళ దగ్గరా రెండు మూడు ఉంటాయి, చూడండి.

మూడోది పిల్ల, పేరు పెట్టేలోపే పార్వో అనే వైరస్ జబ్బుతో నాలుగు రోజుల్లో పోయింది. దాని పద్దు ఒకటే లైను. ఇంకో కుక్కను తేవాలనిపిస్తే మాత్రం ఇది గుర్తుంచుకోండి. పార్వోతో కుక్క పోయిన ఇంట్లో ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఉంటుంది. సిమెంటు నేలను బ్లీచింగ్‌తో కడగొచ్చు, పెరటి మట్టిని కడగలేం. ఆరు, ఎనిమిది వారాల నుంచి మొదలుపెట్టి పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి వేసే టీకాలన్నీ అయితేగానీ కొత్తపిల్లను అక్కడ దించకండి. మీది వేరే కారణమైతే ఈ భయం అక్కర్లేదు. తేవాలా వద్దా అన్నది మాత్రం మీ ఇష్టం. మేమింకా తేలేదు.

పోయిన ఏడాది కొట్టు మూసేశాను. రాని బాకీలన్నీ ఎర్ర ఇంకుతో అడ్డగీత కొట్టేశాను. "ఎర్రోడిదీ కొట్టెయ్యమంటావా?" అంటే మా ఆవిడ, "ఎందుకూ, ఉండనీ, ఇస్తాడులే" అంది.

మీరు ఈ రాత్రే ఒక నోటుబుక్కు తీయండి. ముందు అది ఏమేం దొంగిలించిందో రాయండి. తేదీ గుర్తు లేకపోతే ఏ పండగ ముందో రాసినా చాలు. ప్రశ్న మూడుసార్లు చదివాను తల్లీ, దాని పేరు మాత్రం ఎక్కడా రాయలేదు మీరు. పేరేందమ్మా?