దొంగ కథ సినిమా తీస్తే దొంగ కేసు వేస్తాడా?

ప్రశ్న: హిందీలో వచ్చిన 'ఓయ్ లక్కీ! లక్కీ ఓయ్!' చూశాక నాకూ అలాంటి క్రైమ్ కామెడీ తీయాలనిపించింది. తొంభైల్లో మా జిల్లాలో నగల దుకాణాలు, ఫైనాన్స్ ఆఫీసులు దోచి పేరుమోసిన ఒకాయన ఉన్నాడు. శిక్ష అనుభవించి బయటికొచ్చాడు. యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో తన దోపిడీల గురించి తానే నవ్వుతూ చెబుతున్నాడు. వాటి ఆధారంగా స్క్రిప్టు రాసుకున్నాను. ఆ సంగతి తెలిసి ఫోన్ చేశాడు. 'నా కథ కాబట్టి ఐదు లక్షలు ఇవ్వు, లేకపోతే కోర్టుకెళ్తా' అంటున్నాడు. అతని అనుమతి తప్పనిసరా? పేర్లు మారిస్తే సరిపోతుందా? ఓటీటీకి అమ్మాలని ఆలోచన. కథాసంగ్రహం జతచేస్తున్నాను.
– ఒక యువ దర్శకుడు, గుంటూరు జిల్లా

సమాధానం: జరిగిన సంఘటనల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. కోర్టు రికార్డుకెక్కిన విషయాన్ని తెర మీద చెప్పడానికి ముద్దాయి అనుమతి అక్కర్లేదు. ఐదు లక్షలు ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ వ్యాపారానికి సంబంధించిన సంగతి. ఇచ్చి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. 'డబ్బివ్వకపోతే కోర్టుకెళ్తా' అన్నంత మాత్రాన అది బెదిరింపు వసూలు కూడా కాదు, కోర్టుకెళ్ళే హక్కు ఎవరికైనా ఉంటుంది. 'షూటింగ్ ఎలా చేస్తావో చూస్తా' అనే దాకా వస్తే అప్పుడు పోలీసు స్టేషన్‌కు వెళ్ళొచ్చు. ఆ కాల్స్, మెసేజ్‌లు చెరిపేయకండి.

మీ కథాసంగ్రహం పూర్తిగా చదివాను. మీకు చిక్కు వస్తే అతని వల్ల కాదు, కథలో అతని చుట్టూ తిరిగే మనుషుల వల్ల వస్తుంది.

ఈ విషయంలో పెద్ద దిక్కు 1994 నాటి సుప్రీంకోర్టు తీర్పు. తమిళనాడులో హత్య కేసుల్లో ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో ఆత్మకథ రాశాడు. తనతో అంటకాగిన అధికారుల సంగతులన్నీ అందులో పెట్టాడు. 'నక్కీరన్' పత్రిక దాన్ని వేయబోతోందని తెలిసి జైళ్ళ శాఖ అడ్డుపడింది. ఆ పత్రిక సంపాదకుడి పేరుతో రాజగోపాల్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఆత్మకథలో పబ్లిక్ రికార్డుల్లో కనిపించేంత మేరకు అతని అనుమతి లేకుండానే అచ్చు వేసుకోవచ్చన్నారు. అది దాటి సొంత జీవితంలోకి వెళితే గోప్యత హక్కుకు భంగం కలిగినట్టే, ఫలితం మీరే భరించాలన్నారు. లైంగిక దాడి, కిడ్నాప్ లాంటి నేరాల బాధితుల పేర్లు రికార్డులో ఉన్నా సరే బయటపెట్టకూడదని ఒక మినహాయింపు కూడా పెట్టారు. మీ కథలో ఫైనాన్స్ ఓనరు కూతుర్ని ఎత్తుకుపోయే ఘట్టం ఒకటుంది. అది నిజంగా జరిగిందే అయితే ఆ అమ్మాయి ఎవరో పోల్చుకునే ఆనవాలు ఒక్కటి కూడా మిగలనివ్వకండి.

ఇంతకీ రికార్డు అంటే ఏది? యూట్యూబ్ ఇంటర్వ్యూ రికార్డు కాదు. తన గురించి తాను చెప్పుకున్నంత వరకు అది మీకు పనికొస్తుంది. నలుగురిలో తానే చాటుకున్నాక, తన గోప్యత పోయిందని అతను వాదిస్తే అంతగా నిలవదు. కానీ అదే ఇంటర్వ్యూలో 'ఆ సేటు నాతో కుమ్మక్కయ్యాడు' అంటే అది అతని మాట మాత్రమే. మీరు దాన్ని సీనుగా తీస్తే ఆ నింద మీరు వేసినట్టే లెక్క. ఎఫ్ఐఆర్, రిమాండ్ రిపోర్టు, చార్జిషీటు ఆరోపణలు మాత్రమే. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. కోర్టు నమ్మి చెప్పిన సంగతులు తీర్పులో ఉంటాయి. పాత సెషన్స్ కేసు కాబట్టి కేసుతో సంబంధం లేని మూడో వ్యక్తిగా కారణం చూపిస్తూ అఫిడవిట్‌తో తీర్పు కాపీకి అప్లికేషన్ వేయించండి. ఏ కేసులో శిక్ష పడింది, ఏది కొట్టేశారు, ఏది అప్పీల్లో తేలిపోయిందో ఒక కాగితం మీద రాసుకోండి. కొట్టేసిన కేసులో దోపిడీని అతనే చేసినట్టు చూపిస్తే మాత్రం అతని చేతికి మీరే దావా అందించినట్టు. దొంగకూ పరువుంటుంది, చేయని దొంగతనం అంటగడితే కేసు వేయొచ్చు.

ఇక మీ కథలో అందరూ పడి నవ్వుతారని మీరు అనుకుంటున్న సీనుకు వద్దాం. షాపులో పోయింది అర కిలో బంగారం, షావుకారు ఇన్సూరెన్సు కోసం రెండు కిలోలని ఫిర్యాదు రాయిస్తాడు, సినిమా హాల్లో పేపరు చదివిన హీరో 'మిగతా కిలోన్నర ఎవరు కొట్టేశారు గురూ' అంటాడు. సీను బాగుంది. కానీ ఆ ఊళ్ళో ఆ ఏడాది దోపిడీ జరిగిన నగల దుకాణం ఒక్కటే అయితే, పేరు రంగయ్య బదులు గంగయ్య అని పెట్టినా జనం ఇట్టే పోల్చుకుంటారు. పేరు చెప్పకపోయినా ఎవరి గురించో తెలిసిపోతే పరువు నష్టం కిందికే వస్తుంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం రెండేళ్ళ దాకా సాధారణ జైలు లేదా జరిమానా పడొచ్చు. సివిల్ దావా వేరు. సివిల్‌లో 'నిజం' అని రుజువు చేస్తే బయటపడతారు. క్రిమినల్‌లో నిజమైతే చాలదు, దాన్ని చెప్పడం ప్రజాప్రయోజనం కోసమేనని కూడా మీరే చూపించాలి. షావుకారు ఇన్సూరెన్సు మోసం చేశాడనడానికి మీ దగ్గర తీర్పుందా? లేదు కదా. ఆ జోకు కావాలంటే ఊరు మార్చండి, వ్యాపారం మార్చండి, సంవత్సరం మార్చండి. పేరొక్కటే మారిస్తే చాలదు.

చాలామంది దర్శకులు మొదట 'ఇందులో పాత్రలన్నీ కల్పితం' అని కార్డు వేసి, పోస్టరు మీద 'యథార్థ గాథ' అని అచ్చేస్తారు. అవతలి లాయరు ఈ రెండూ పక్కపక్కన పెట్టి జడ్జిగారికి చూపిస్తే మీ లాయరుకు గొంతులో వెలక్కాయ పడుతుంది. కామెడీని కామెడీగా చూడమని వాదించే వీలు కూడా 'యథార్థం' అన్న మాటతో సగం పోతుంది. నన్నడిగితే ఆ మాట వదిలేసి, కొన్ని వాస్తవ ఘటనల స్ఫూర్తితో అల్లిన కల్పిత కథ అని స్పష్టంగా రాయడం మేలు.

మీరు చూసిన సినిమా సంగతే తీసుకోండి. దిబాకర్ బెనర్జీ 2008లో తీసిన ఆ చిత్రానికి ప్రేరణ ఢిల్లీలో 'సూపర్ చోర్'గా పేరుపడ్డ బంటీ. తెర మీది మనిషి మాత్రం లక్కీ. అతనికి వేరే ఇల్లుంది, వేరే బాల్యం ఉంది. పరేశ్ రావల్ ఒక్కడే మూడు వేషాలు వేశాడు, తండ్రి ఒకటి, దొంగసొత్తు కొనేవాడు ఒకటి, పెద్దమనిషిలా వచ్చి మోసం చేసే డాక్టరు ఒకటి. ఫలానా వ్యక్తిని చూపించారని వేలెత్తి చూపే వీలు అక్కడ తక్కువ. ప్రేరణ తీసుకోవడం అంటే అలా ఉండాలి.

మీ కథలో దొంగ భార్య పాత్ర నాకు ఎక్కువ భయం కలిగిస్తోంది. ఆవిడ ఏ ఇంటర్వ్యూలోనూ మాట్లాడలేదు, ఏ కేసులోనూ లేదు. భర్త జైల్లో ఉండగా కానిస్టేబులుతో ప్రేమాయణం నడిపినట్టు రాశారు. అది పూర్తిగా తీసేయండి. 1994లో 'బాండిట్ క్వీన్' మీద ఫూలన్ దేవి తానే ఢిల్లీ హైకోర్టుకెళితే ప్రదర్శన ఆపమని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. బందిపోటుగా ప్రపంచమంతా పేరు మోగిన మనిషికే గోప్యత ఉందని కోర్టు విన్నప్పుడు, ఏ పాపం ఎరగని ఇల్లాలి మాట వినదా?

పోలీసుల విషయంలో కొంత వెసులుబాటు ఉంది. డ్యూటీలో చేసిన పనుల మీద విమర్శను అధికారులు భరించాల్సిందేనని రాజగోపాల్ తీర్పే చెప్పింది, నిజానిజాలు చూసుకోకుండా బరితెగించి రాస్తే తప్ప. నిద్రపోయే ఎస్సై జోకు ఉంచుకోండి. వాటా తీసుకున్న ఎస్సైకి మాత్రం ఊరూ పేరూ లేకుండా చూడండి.

ఒక హెచ్చరిక. హీరో పలానా కులంలో పుట్టాడు కాబట్టి చేతివాటం నెత్తుట్లోనే ఉందన్నట్టు మీరు రాసిన డైలాగు నవ్వు తెప్పించదు. 1871లో బ్రిటిష్ వాళ్ళు కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులని చట్టం చేస్తే, స్వతంత్రం వచ్చాక 1952లో దాన్ని రద్దు చేశారు. ఆ ముద్ర మాత్రం స్టువర్టుపురం వాళ్ళను ఇంకా వదల్లేదు. స్టువర్టుపురం దొంగ మీద తీసిన 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా టీజరు ఎరుకల వాళ్ళను కించపరిచేలా ఉందని 2023లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పిటిషన్ పడింది, నిర్మాతకు నోటీసు వెళ్ళింది. ఎరుకలవారు షెడ్యూల్డు తెగ. ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషం రెచ్చగొట్టే మాట గానీ దృశ్యం గానీ అత్యాచార నిరోధక చట్టం కిందికి వస్తుంది, ఆ కేసులో ముందస్తు బెయిలు దొరకడం మహా కష్టం. డైలాగు కొట్టేయండి.

ఒప్పందం చేసుకోవాలా అని అడిగితే, చట్టం కోసం కాదు, ప్రశాంతత కోసం చేసుకోవచ్చంటాను. నేరస్తుడికి కథ తాలూకు డబ్బు ఇవ్వకూడదనే ప్రత్యేక చట్టం మనకు లేదు. స్టాంపు పేపరు మీద సినిమాకు సమ్మతి, దావా వేయనన్న హామీ, మార్పులు చేసుకునే స్వేచ్ఛ రాయించుకోండి. డబ్బు విడతలుగా, బ్యాంకు ద్వారా ఇవ్వండి. సినిమా ప్రచారానికి అతన్ని వేదికలెక్కించకండి. బంటీ 2010లో 'బిగ్ బాస్' ఇంట్లోకి కూడా వెళ్ళొచ్చాడు, 2013లో తిరువనంతపురంలో ఓ ఇంట్లో పడి ఖరీదైన కారు ఎత్తుకెళ్ళిన కేసులో మళ్ళీ పట్టుబడ్డాడు. మారిపోయాడని మీరు స్టేజి మీద చెప్పిన మనిషి రిలీజు వారంలో దొరికిపోతే ఆ అప్రతిష్ఠ మీదే.

ఇంకో సంగతి. పాత కథలు చెప్పే ఊపులో పోలీసులకు తెలియని దోపిడీ ఒకటి చెప్పాడనుకోండి. దోపిడీ, బందిపోటు నేరాల సమాచారం తెలిసినవాళ్ళు దగ్గర్లోని మేజిస్ట్రేటుకో పోలీసులకో తెలియజేయాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి శిక్ష పడి ముగిసిన కేసుల గురించే అడగండి. షూటింగ్‌లో వాడుకోమని పాత గొలుసో గడియారమో ఇస్తే ముట్టుకోకండి. దొంగసొత్తని తెలిసి తీసుకుంటే మీరూ ముద్దాయే.

అతను పోయాక తీస్తే ఈ గొడవ ఉండదా అని చివర్లో రాశారు. పరువు నష్టం సివిల్ దావా మనిషితోనే పోతుంది. కుటుంబం మనసు నొప్పించాలనే ఉద్దేశంతో చనిపోయినవాళ్ళను నిందిస్తే క్రిమినల్ కేసు మాత్రం ఉంటుంది. 'గంగూబాయి కాఠియావాడి' మీద దత్తపుత్రుణ్ణంటూ ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా, 2022లో విడుదలకు ముందు రోజు పిటిషన్ కొట్టేశారు.

థియేటర్‌కు వెళితే సెన్సారు ఉంటుంది. నేరం చేసే పద్ధతిని నేర్పేలా చూపించకూడదనేది వాళ్ళ మార్గదర్శకాల్లోనే ఉంది, మీ లాకరు తెరిచే సీనులో కొలతలతో సహా చూపించొద్దు. ఓటీటీకి ముందస్తు సెన్సారు లేదు గానీ, కొనే ముందు వాళ్ళ లాయర్లు ప్రతి పాత్రకూ ఆధారం అడుగుతారు. అందాక మీ తీర్పు కాపీలు, స్క్రిప్టులో ఏ సీను దేని నుంచి వచ్చిందో రాసిన నోటు ఒక ఫైల్లో సిద్ధంగా పెట్టుకోండి.

అతను నిజంగా కోర్టుకెళతాడన్న అనుమానం బలంగా ఉంటే, విడుదల తేదీ ఖరారయ్యాక అతను దావా వేసే అవకాశమున్న కోర్టులో కేవియట్ వేయించండి. మీ మాట వినకుండా ఏకపక్షంగా స్టే రాకుండా కాచుకోవడానికి అది పనికొస్తుంది. దాని గడువు 90 రోజులే. విడుదల వాయిదా పడితే మళ్ళీ వేసుకోవాలి.