దొరికిన వస్తువును యూదు ధర్మశాస్త్రం ప్రకారం ప్రతిసారీ తిరిగి ఇవ్వాలా?

పోయిన వస్తువును చూసీచూడనట్టు వెళ్లిపోకూడదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఆదేశిస్తుంది. అయితే ఏది ప్రకటించాలో, ఏది ఉంచుకోవచ్చో యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలోని ‘బావా మెత్సియా’ అనే భాగం విడదీసి చెబుతుంది. చెల్లాచెదురుగా పడిన నాణేలకు ఆనవాలు ఉండదు గనుక, సొంతదారు ఆశ వదులుకున్నాడని భావించి, దొరికినవాడు వాటిని ఉంచుకోవచ్చు. అవే సంచిలో ఉన్నా, మూడు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నా చాటింపు వేయవలసిందే. ఆనవాలు సరిగా చెప్పినవాడు వచ్చేదాకా వస్తువును కాపాడే పూచీ కూడా దొరికినవాడిదే: పనిచేసే పశువునైతే పని చేయించుకుంటూ మేపాలి, ఊరికే తినేదాన్ని అమ్మి ఆ సొమ్ము దాచాలి. నాకు అన్నిటికన్నా సూక్ష్మంగా తోచేది గ్రంథపు చుట్టల నియమం. వాటిని 30 రోజులకోసారి విప్పి చదవాలి, చదవడం రానివాడు విప్పి మళ్లీ చుట్టాలి, కానీ వాటితో కొత్త పాఠం మాత్రం మొదలుపెట్టకూడదు.