మధ్యేవాదమా, మితవాదమా, తటస్థవాదమా?

సందేహం: రాజకీయాల్లో కుడిపక్షానికీ ఎడమపక్షానికీ నడుమ నిలిచే 'సెంట్రిజం'కి ఒకచోట మధ్యేవాదం, ఇంకోచోట మితవాదం, మరోచోట తటస్థవాదం అని రాస్తున్నారు. ఏది సరి? 'మధ్యవాదం' అనకుండా ఆ 'మధ్యే' ఎందుకు?

సమాధానం: మధ్యేవాదం అనే రాయండి. నైవేద్యం పెట్టేటప్పుడు "మధ్యే మధ్యే పానీయం సమర్పయామి" అంటూ ఉద్ధరిణెతో నీళ్లు వదులుతారు చూడండి, ఆ మధ్యేనే ఇది. 'మధ్యలో' అని అర్థం, సంస్కృతంలో సప్తమీ విభక్తి. మామూలుగా సమాసంలో విభక్తి పోతుంది, కొన్నిట్లో పోకుండా నిలుస్తుంది, దాన్ని అలుక్ సమాసం అంటారు. యుద్ధంలో స్థిరంగా నిలిచేవాడు యుధిష్ఠిరుడు, సరస్సులో పుట్టింది సరసిజం, ఇవీ అలాంటివే. మధ్యవాదం అన్నా తప్పులేదు గానీ మధ్యేమార్గం మన నోళ్లలో ఎప్పుడో నానిపోయింది కాబట్టి దాని పక్కన మధ్యేవాదమే చెవికి ఇంపు.

తటస్థవాదం మాత్రం వద్దు. తటం అంటే గట్టు. మిగతావాళ్లు ఏట్లో దిగి ఈదుతుంటే గట్టు మీద నిలబడ్డవాడు తటస్థుడు. మధ్యేవాది ఏట్లో దిగినవాడే. మార్కెట్ ఉండాలి, పేదలకు సర్కారు ఆసరా కూడా ఉండాలి, మార్పు రావాలి గానీ అంచెలంచెలుగా రావాలి అని వాదించి ఓటడుగుతాడు. 2017లో ఫ్రాన్స్ అధ్యక్షుడైన మాక్రాన్‌ని మధ్యేవాది అంటే సరిపోతుంది, తటస్థుడంటే అసలు పోటీయే చేయలేదేమో అనిపిస్తుంది.

అసలు చిక్కంతా మితవాదంతోనే. గోఖలే వర్గం మితవాదులు, తిలక్ వర్గం అతివాదులు, 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలింది అని బళ్లో చదువుకున్నాం. అక్కడ మితం అన్నది తెల్లదొరల ప్రభుత్వాన్ని అడిగే తీరులో. ఇప్పుడు వార్తల్లో రైట్ వింగ్‌నీ మితవాదమే అంటున్నారు! బళ్లో నేర్చుకున్న పిల్లాడు 'మితవాద పార్టీ గెలిచింది' అన్న హెడ్డింగ్ చదివితే మెత్తనివాళ్లు గెలిచారనుకుంటాడు, దానికి 'తీవ్ర' కూడా తగిలిస్తే తీవ్రమూ మితమూ ఒక్క మాటలో ఎలా ఇముడుతాయో వాడికి ఎవరు చెప్పాలి? ఈ వాడుక నాకు చాలా బాధ కలిగిస్తుంది. కుడిపక్షం అనే మాట ఉండగా దీంతో పనేముంది? ఫ్రాన్స్‌లో 1789 నాటి సభలో ఎవరు ఏ వైపు కూర్చున్నారన్న దాన్నిబట్టే కుడి, ఎడమ అన్న పేర్లు పుట్టాయి, తెలుగులోనూ ఆ దిక్కులే ఉంచుకుంటే గొడవ లేదు.

ఎడమకి కొంచెం దగ్గరగా ఉండే పార్టీ అయితే 'వామపక్షం వైపు మొగ్గే మధ్యేవాదులు' అనండి, 'ఎడమ-మధ్య' అని అతికించవద్దు.