"మాది పయనీర్ కుటుంబం" అంటే ఏమిటి? మా వియ్యపురాలి దగ్గర విన్నది, రికార్డుల్లో చూసింది

మీ అబ్బాయి చేసుకోబోయే అమ్మాయి వాళ్ళది అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ దగ్గర అన్నారు. "మాది పయనీర్ కుటుంబం" అని వాళ్ళమ్మగారు చెప్పారని, అంటే ఏమిటో, ఆ చరిత్ర ఎలా తెలుసుకోవాలో చెప్పమని అడిగారు. మేము మా అమ్మాయిని ఇచ్చింది అలాంటి ఇంట్లోనే. పురుటికి వెళ్ళి, ఆ ఊరున్న యూటా రాష్ట్రంలో ఐదు నెలలు ఉన్నాను. అప్పుడు మా వియ్యపురాలు చెప్పినవి, ఇద్దరం కలిసి వెతికినవి రాస్తాను.

ముందు క్లుప్తంగా నేపథ్యం. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన మోర్మన్ చర్చి వీళ్ళది. ఎక్కడ స్థిరపడినా చుట్టుపక్కల వాళ్ళతో గొడవలయ్యేవి. 1844లో ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైల్లో ఉన్న స్మిత్‌ని ఒక గుంపు వచ్చి కాల్చి చంపింది. 1846లో నావూ అనే ఊరు ఖాళీ చేసి, బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో పడమటికి బయల్దేరారు. ఆయన సాల్ట్ లేక్ లోయకి చేరిన 1847 జూలై 24ని యూటాలో ఇప్పటికీ పండగలా చేస్తారు, ఆ రోజు సెలవు. అప్పటి నుంచి 1869లో రైలుమార్గం పూర్తయ్యేదాకా బండ్ల మీద, కాలినడకన వచ్చినవాళ్ళు సుమారు 70,000 మంది. వాళ్ళనే పయనీర్లు అంటారు.

మా వియ్యపురాలి తాతకు తాత పేరు యెన్స్ నీల్సన్. యూటా చరిత్రలో తెలిసిన మనిషే. 1820లో డెన్మార్క్‌లో పుట్టారు, రైతు. 1849 రాజ్యాంగంతో ఆ దేశంలో మతస్వేచ్ఛ వచ్చింది, మరుసటి ఏడాదే ఈ చర్చి ప్రచారకులు కోపెన్‌హాగన్‌లో దిగారు. అలా చర్చిలో చేరినవాళ్ళలో యెన్స్, ఆయన భార్య ఎల్సీ ఉన్నారు. ఎడ్లబండి కొనుక్కోగల స్తోమత ఉన్నా, ఆ డబ్బు తోటివాళ్ళ ప్రయాణానికి ఇచ్చేసి, తాము చేతిబండితో నడవడానికి సిద్ధపడ్డారు.

చేతిబండి అంటే రెండు చక్రాల చెక్కబండి. ఎడ్లు ఉండవు, మనిషే లాగాలి. పెద్దవాళ్ళకి తలా 17 పౌండ్ల సామాను మాత్రమే, అంటే ఎనిమిది కిలోలు కూడా లేదు. పక్కబట్టలు, గిన్నెలు, కట్టుబట్టలు అన్నీ అందులోనే. రైలు ఆగిపోయే అయోవా సిటీ నుంచి సాల్ట్ లేక్‌కి దాదాపు 2,000 కిలోమీటర్లు.

వీళ్ళు 1856 మే 4న లివర్‌పూల్‌లో థార్న్‌టన్ అనే ఓడ ఎక్కారు. జేమ్స్ విల్లీ నడిపించిన దళం కాబట్టి విల్లీ దళం అంటారు. అయోవాలో బండ్లు సిద్ధంగా లేక ఆలస్యమైంది, జూలై సగంలో గానీ కదల్లేదు. ఇంత ఆలస్యంగా వెళ్తే మంచులో చిక్కుకుంటాం అని లివై సావేజ్ అనే ఆయన ఆగస్టులోనే హెచ్చరించాడు. ఎక్కువమంది వెళ్దామనే అన్నారు, ఆయన కూడా వాళ్ళతోనే నడిచాడు. అక్టోబరు 19న వయోమింగ్‌లో మంచు తుఫాను విరుచుకుపడే నాటికి పిండి అయిపోవచ్చింది. సాల్ట్ లేక్ నుంచి సహాయం అందినా, అక్టోబరు 23న రాకీ రిడ్జ్ అనే రాతి మిట్ట ఎక్కక తప్పలేదు. ఆ రాత్రి తర్వాత రాక్ క్రీక్ దగ్గర 13 మందిని ఒకే గోతిలో పూడ్చారు. మరో ఇద్దరు కూడా అక్కడే పోయారు.

ఆ పదమూడు మందిలో యెన్స్, ఎల్సీల కొడుకు ఉన్నాడు. ఆరేళ్ళవాడు. వాళ్ళతో పంపిన బోడిల్ మార్టెన్సన్ అనే పిల్ల కూడా ఉంది. తల్లిదండ్రులు డెన్మార్క్‌లోనే ఉండి, యూటాలో ఉన్న అక్క దగ్గరికి చేర్చమని వీళ్ళకి అప్పగించారు. నిప్పు రాజేయడానికి పుల్లలు ఏరుకొచ్చి, బండి చక్రానికి ఆనుకునే గడ్డకట్టిపోయిందట, పుల్లలు చేతిలోనే ఉన్నాయట. మా వియ్యపురాలు బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఈ మాట చెప్పి, చాకు కింద పెట్టేసింది. పక్క గదిలో మా మనవరాలు నిద్రపోతోంది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

యెన్స్ కాళ్ళు గడ్డకట్టి ఇక నడవలేకపోయారు. నన్ను వదిలేసి వెళ్ళు అన్నారట. ఆయన ఆజానుబాహువు, ఎల్సీ చాలా పొట్టి మనిషి. ఆమె ఆయన్ని బండిలో కూర్చోబెట్టి లాగింది. కొడుకు పోయి ఎన్ని గంటలైందో చూడండి. దళం నవంబరు 9న సాల్ట్ లేక్ చేరింది. ఆయన కాలు జీవితాంతం వంకరగానే ఉండిపోయింది.

ఆ కాలితోనే 1879లో, 59 ఏళ్ళ వయసులో, మళ్ళీ బయల్దేరారు. చర్చి ఆదేశం మీద యూటా ఆగ్నేయ మూలలో ఊరు కట్టడానికి సుమారు 250 మంది, 83 బండ్లు. ఆరు వారాల ప్రయాణం అనుకున్నది ఆరు నెలలైంది. కొలరాడో నది మీది కొండ అంచులో ఉన్న పగులుని పేల్చి వెడల్పు చేసి, 1880 జనవరి 26న బండ్లు దించారు. దాన్ని హోల్ ఇన్ ద రాక్ అంటారు. ఏప్రిల్‌లో బ్లఫ్ అనే ఊరు మొదలైంది. 1906లో పోయేదాకా యెన్స్ అక్కడ బిషప్, అంటే ఆ ఊరి చర్చికి పెద్ద. డేనిష్ యాసలో ఆయన "స్టికీ-టా-టూడీ" ఉండాలి అనేవారట, పట్టు వదలకూడదు అని. మా అల్లుడు పాపకి బోర్లా పడటం నేర్పుతూ అదే మాట అంటాడు. అయితే బ్లఫ్ ఖాళీ నేల కాదు. అక్కడి మూలవాసులైన యూట్, నావహో ప్రజలు అంతకుముందు నుంచీ తిరిగిన చోటు. ఇది కూడా కుటుంబ చరిత్రలో భాగమే అని మా వియ్యపురాలే నాతో అన్నది, అందుకు ఆవిడంటే గౌరవం పెరిగింది.

ఇక మీరు అడగడానికి మొహమాటపడే విషయం. యెన్స్‌కి ముగ్గురు భార్యలు. మా వియ్యపురాలు ఎల్సీ సంతానం కాదు, రెండో భార్య కిర్‌స్టెన్ సంతానం. అయినా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేది ఎల్సీ కథే. ఎల్సీ ఆ రోజు బండి లాగకపోతే మేమెవరం లేం అంటుంది. బహుభార్యత్వాన్ని చర్చి 1852లో బహిరంగంగా ప్రకటించింది, 1890లో ఆపమని ప్రకటన ఇచ్చింది. ఆరేళ్ళకి, 1896లో, యూటా రాష్ట్రమైంది. నేను నేరుగా అడిగాను, ఆవిడ నేరుగానే చెప్పింది. మీరూ మర్యాదగా అడగండి. గుసగుసగా వేరేవాళ్ళ దగ్గర వాకబు చేస్తేనే నొచ్చుకుంటారు.

రికార్డుల సంగతి. ఫ్యామిలీసెర్చ్ అనే సైటు చర్చి నడిపేదే, ఉచితం, చర్చిలో సభ్యత్వం అక్కర్లేదు. సాల్ట్ లేక్‌లో వాళ్ళ లైబ్రరీ కూడా ఉచితమే, అక్కడి వలంటీర్లు ఓపిగ్గా కూర్చోబెట్టి చూపిస్తారు. ఏ పయనీర్ ఏ సంవత్సరం ఏ దళంలో వచ్చారో చర్చి చరిత్ర విభాగం విడిగా ఆన్‌లైన్లో పెట్టింది. ముందు అది చూడండి. దళం పేరు దొరికితే డైరీలు, ఓడ జాబితాలు వాటంతటవే బయటికొస్తాయి.

ఒక జాగ్రత్త. ఫ్యామిలీసెర్చ్‌లోని వంశవృక్షం అందరిదీ కలిపి ఒకటే, ఎవరైనా మార్చవచ్చు. డెన్మార్క్‌లో యెన్స్ నీల్సన్ అంటే మన దగ్గర వెంకటేశ్వరరావు లాంటి పేరు. అప్పట్లో పల్లెల్లో చాలామందికి మనలా స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి నీల్స్ అయితే కొడుకు నీల్సన్, కూతురు నీల్స్‌డాటర్. తాత పేరు మనవడికి పెట్టడం మాత్రం మనలాగే. మేము రెండు రోజులు ఎవరో వేరే యెన్స్ వెంట పడ్డాం. ఆ పిల్లాడు నాలుగేళ్ళకే పోయినట్టు అదే చర్చి పుస్తకం ఖననాల పేజీలో కనిపించాక తప్పు తెలిసింది. అందుకని పుట్టుక దొరకగానే సంబరపడకుండా మరణాల పేజీలు కూడా తిరగేయండి. డెన్మార్క్ చర్చి పుస్తకాలు ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్ సైట్లో ఉచితంగా ఉన్నాయి.

వీళ్ళకి వంశవృక్షం మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, చనిపోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్ళు ఆలయంలో బాప్తిస్మం తీసుకునే ఆచారం ఉంది. ఆవిడ మా పూర్వీకుల పేర్లూ అడిగింది. తద్దినంలో చెప్పుకునే మూడు తరాలు తప్ప మా వారికి తెలియదు. ఆ మూడూ ఇచ్చి, మనవరాలి చరిత్ర కోసం రాసుకోండి, ఆలయానికి మాత్రం పంపొద్దు అన్నాను. సరే అని, ఆ షరతు కూడా పేర్ల పక్కనే పెన్సిలుతో రాసుకుంది. ఇప్పుడు పాప గదిలో గోడ మీద ఆ చార్టు ఉంది. ఒక వైపు ఎనిమిది తరాలు, మా వైపు మూడే. ఈ సంక్రాంతికి మా ఊరు వెళ్ళి, తొంభై దాటిన మా పెద్దత్తగారి పక్కన నోటుబుక్కుతో కూర్చోబోతున్నాను.