రాసేవారి సందేహాలు: ఏడిపించేవాళ్ళూ, పక్కన కూర్చున్నవాళ్ళూ

ప్రశ్న: తొమ్మిదో తరగతి అబ్బాయిని తోటివాళ్ళు ఏడిపించడం మీద నవలిక రాశాను. చదివిన పిల్లలు "అంతా నీతులే అంకుల్" అనేశారు. ఎక్కడ తేడా కొట్టింది? మూడు అధ్యాయాలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: రెండో అధ్యాయంలోనే మాస్టారు వచ్చి చిక్కంతా విప్పేశారు. ఇక మీ కుర్రాడికి చెయ్యడానికి పనేం మిగిలింది? మాస్టారిని ఆలస్యంగా రానివ్వండి, వచ్చినా సగం పనే చెయ్యనివ్వండి. చెప్పుకుంటే మర్నాటికల్లా 'చాడీకోరు' అన్న పేరు అదనంగా అంటుకుంటుందని ప్రతి పిల్లాడికీ తెలుసు. ఆ లెక్క వేసుకునే నోరు మూసుకుంటాడు. మీ కథలో అది ఎక్కడా కనబడలేదు.

రెండోది, మీ విలన్ కొడతాడు, తిడతాడు, అంతే. బళ్ళో చాలాసార్లు దెబ్బకంటే ముందు నవ్వు వస్తుంది. జాలారిపేట నుంచి వచ్చే అమ్మాయి క్యారేజీ మూత తియ్యగానే ఒకమ్మాయి ముక్కు మూసుకుంటుంది. ఎవరూ పల్లెత్తు మాట అనరు. బెంచీ మీది నలుగురూ జానెడు దూరం జరుగుతారు. మర్నాటి నుంచి, ఇంట్లో చేపల పులుసు ఉన్నా, ఆ పిల్ల పెరుగన్నమే తెచ్చుకుంటుంది. మీ మూడు పేజీల తన్నులాట కన్నా ఇది ఎక్కువ నొప్పి పెడుతుంది.

ఇప్పుడు ఆ జరిగిన నలుగురిలో ఒకరిని 'నేను'గా పెట్టి ఒక అధ్యాయం తిరగరాయండి. కథ బిగిసేది అక్కడే. అలా పక్కకి జరిగిన పిల్లకి తప్పని తెలుసు, తన వంతు వస్తుందన్న భయమూ ఉంది. 2012లో వచ్చిన 'వండర్' నవలలో బాధితుడితో పాటు అక్క, స్నేహితులు కూడా తలో భాగం చెబుతారు. ఏడిపించిన జూలియన్‌కి మాత్రం అందులో చోటు లేదు. రచయిత్రి అతని వైపు కథని 2014లో విడిగా రాశారు.

ఇంకొకటి: శ్రీకాకుళం యాసని వెక్కిరించే సీను బాగుంది గానీ, పేజీ నిండా యాస పెడితే వెక్కిరిస్తున్నది మీరేనేమో అనిపిస్తుంది. రెండు మాటలు చాలు.

ప్రశ్న: నా కథ ఇంటర్ హాస్టల్లో జరుగుతుంది. పోలీసు కేసు దాకా తీసుకెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: నిక్షేపంగా. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఆటపట్టించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. గాయపరిస్తే, గదిలో బంధిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది. కథకి పనికొచ్చేది వేరే ఉంది: ఫిర్యాదు అందాక కాలేజీ పెద్ద పట్టించుకోకపోతే నేరాన్ని ప్రోత్సహించినట్టే లెక్క. "అడ్మిషన్ల టైములో ఇదంతా ఎందుకమ్మా" అని నచ్చజెప్పే ప్రిన్సిపాల్ ఇక్కడ మంచి పాత్ర అవుతాడు. ఒక్క జాగ్రత్త: ఏడిపించినవాడికి 18 నిండకపోతే పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే పంపాలి. సెంట్రల్ జైలు సీను కొట్టెయ్యండి.

ప్రశ్న: నా కథలో అమ్మాయి చివర ఆత్మహత్య చేసుకుంటుంది. అది లేకపోతే బరువు రాదేమో!
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: చావుతో కథ ముగిస్తే ఏడిపించినవాళ్ళంతా పశ్చాత్తాపపడతారు, అందరికీ బుద్ధి వస్తుంది. బాధలో ఉన్న పదిహేనేళ్ళ పిల్ల దాన్ని దారిగా చదువుకోవచ్చు. మా అభ్యంతరం అదే. 'థర్టీన్ రీజన్స్ వై' సిరీస్ మొదటి సీజన్‌లోని ఆత్మహత్య దృశ్యాన్ని నెట్‌ఫ్లిక్స్ 2019లో తీసేసింది. తప్పనిసరై రాస్తే ఎలా చేసిందో, ఏం వాడిందో, ఉత్తరంలో ఏముందో రాయకండి. మిగిలినవాళ్ళ మీద నడపండి: ఖాళీ బెంచీ, హాజరు పిలిచేటప్పుడు ఆ నంబరు దాటేసే టీచరు, ఇంట్లో తలుపు తియ్యని గది. కథ కింద మానసిక సాయానికి టెలిమానస్ 14416, పిల్లల సాయానికి చైల్డ్‌లైన్ 1098 నంబర్లు అచ్చు వెయ్యమని ఎడిటర్‌కి ముందే రాసి పెట్టండి.