మెడ మీద ఆ నలుపు మట్టి కాదు

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఎత్తు 135 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. ఏడాదిగా మెడ వెనక నల్లబడుతోంది, నలుగు పెట్టి రుద్దినా పోవడం లేదు. చాక్లెట్లు, కూల్‌డ్రింకులు ఇంట్లోకే రానివ్వం. రెండు పూటలా మాల్ట్ పౌడర్ కలిపిన పాలు, స్కూలుకు నాలుగు క్రీమ్ బిస్కెట్లు, ఒక మామిడి జ్యూస్ ప్యాకెట్, అంతే. ఏ క్రీమ్ రాయమంటారు?
- ఓ తల్లి, కరీంనగర్

జవాబు: ముందు ఆ రుద్దడం ఆపండమ్మా. పాపం, వాడి మెడ మండిపోతూ ఉంటుంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఈ బరువుకి ఈ నలుపు తోడైతే మా డాక్టర్లకి మొదట తోచేది అకాంథోసిస్ నైగ్రికన్స్ అనే చర్మ మార్పు. చర్మం మందంగా, మఖమల్ గుడ్డలా తగులుతుంది, చంకల్లో, గజ్జల్లో కూడా ఉందేమో చూడండి. రక్తంలో చక్కెరని అదుపు చేసే ఇన్సులిన్ ఒంట్లో సరిగా పనిచేయనప్పుడు, దాన్ని తయారుచేసే పాంక్రియాస్ ఇంకా ఇంకా ఇన్సులిన్ వదులుతుంది, అది ఎక్కువై చర్మాన్ని ఇలా మందంగా, నల్లగా చేస్తుంది. అంటే ఇది మట్టి కాదు, షుగర్ జబ్బు వైపు వెళ్తున్నాడేమో చూసుకోమని ముందుగా వచ్చిన కబురు.

స్వీట్లు పెట్టడం లేదు కదా అంటారు. వంటింట్లోకి వెళ్లి ఆ పౌడర్ డబ్బా వెనక్కి తిప్పండి. ఇలాంటి చాలా పౌడర్లలో మూడో వంతు చక్కెరే. రెండు పెద్ద చెంచాలు వేస్తే ఏడు గ్రాములు, పైన రెండు చెంచాల పంచదార కూడా వేస్తుంటే అది పది గ్రాములు, రెండు పూటలకి 34. నాలుగు క్రీమ్ బిస్కెట్లు మరో 14. జ్యూస్ ప్యాకెట్ 200 మిల్లీలీటర్లదైతే 25 దాకా. అంతా కలిపితే 70 గ్రాములు దాటింది, దాదాపు 15 చెంచాలు! రోజు మొత్తం కేలరీల్లో ఇలాంటి చక్కెర 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మీవాడి వయసుకి 1700 కేలరీలు అనుకుంటే 40 గ్రాములు గరిష్ఠం, 20 అయితే మంచిది.

డబ్బా ముందు వైపు రాసింది నమ్మొద్దు. వేసవిలో ఓఆర్ఎస్ అని పెద్దక్షరాలతో అమ్మిన తియ్యటి డ్రింకులు గుర్తున్నాయా? విరేచనాలప్పుడు తాగించే అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, వాటిలో కొన్నింట్లో చక్కెర వంద దాటేది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే గానీ 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించలేదు. డబ్బా వెనక వైపు పదార్థాల జాబితాలో మొదట రాసిందే అన్నిటికంటే ఎక్కువ వేసిన సరుకు. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఇవన్నీ చక్కెర చుట్టాలే. మాల్టోడెక్స్‌ట్రిన్ పేరుకు చక్కెర కాదు, రక్తంలో గ్లూకోజ్‌ని మాత్రం అంతే వేగంగా పెంచుతుంది. రాగి బిస్కెట్లు కూడా తిప్పి చూడండి, చాలాసార్లు రాగుల కంటే ముందు మైదా, పంచదార కనిపిస్తాయి. బెల్లమైతే పర్లేదంటారు మీ అత్తగారు, దానికీ ఇదే లెక్క.

అలాగని రేపటి నుంచి అన్నీ బంద్ అంటే ఇంట్లో యుద్ధమే. పౌడర్, పంచదార వారానికి కొంచెం తగ్గిస్తూ నెలలో ఉత్త పాలకు రండి. జ్యూస్ మాత్రం ఇవాళే ఆపేయొచ్చు, పండు కోసి పెట్టండి, జామకాయలో ఉండే పీచు ప్యాకెట్లో ఉండదు. బాక్సులో ఉడికించిన గుడ్డు, శనగ గుగ్గిళ్లు, పల్లీలు, ఏదో ఒకటి మార్చి మార్చి పెట్టండి. ఇంట్లో అందరూ మానాలి, నాన్న టీతో బిస్కెట్లు తింటూ వాడికొద్దంటే ఎందుకు వింటాడు? రోజూ గంటసేపు ఆడనివ్వండి. పస్తులు పెట్టొద్దు, ఎదిగే వయసు.

క్రీమ్ అక్కర్లేదు. బరువు అదుపులోకి వస్తే నలుపు మెల్లగా తగ్గుతుంది, నెలలు పడుతుంది, టెన్షన్ పడకండి. కానీ విపరీతంగా దాహం, మాటిమాటికీ మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. లేకపోయినా ఈ వారంలో పిల్లల డాక్టర్‌కి చూపించి బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, ఎస్‌జీపీటీ (కాలేయం పరీక్ష) చూడమనండి, ఈ బరువున్న పిల్లల్లో కాలేయానికి కొవ్వు పట్టడం మేం తరచూ చూస్తున్నాం. వెళ్లేటప్పుడు ఆ పౌడర్ డబ్బా, బిస్కెట్ ప్యాకెట్ కూడా సంచిలో వేసుకెళ్లండి.